మొగలిలంక మీద మెల్లగా పడ్డ బియ్యం

ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు నాది. ఇన్నేళ్ళలో భూమిని తప్పుపట్టిన ఫైలు ఒక్కటే చూశానండీ. అది నా చేత్తో పెట్టిందే కాబట్టి ధైర్యంగా చెప్పగలను. వస్తువులను అధిక వేగంతో లాగినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని భూమికి నోటీసు పంపడం ఒక్కటే మానుకున్నాం, అదీ కవరు మీద చిరునామా ఏం రాయాలో తేలక.

ఆ ఏడు గోదారి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది. మా డివిజన్లో లంకలన్నీ ముందే ఖాళీ చేయించాం, ఒక్క మొగలిలంక తప్ప. అక్కడికి వెళ్ళాల్సిన లాంచీని ఎవరో పెద్దాయన వరద చూస్తానంటే అటు తిప్పారు. అది తిరిగొచ్చేసరికి ఏరు ఆగలేదు. నలభై ఒక్క కుటుంబాలు, నూట అరవై ముగ్గురు మనుషులు, బడి శ్లాబు మీదకెక్కి కూర్చున్నారు. పడవ వేద్దామంటే వడి అలాంటిది, ఏ పడవ సరంగూ ఒప్పుకోలేదు. ఇక మిగిలిన దారి ఆకాశమే. ఎలాగో ఒక హెలికాప్టరు తెప్పించారు.

నేను వరద సహాయ కేంద్రంలో సూపర్నెంటుని. పేరు జోగినాథం. ఫోను ఎత్తడం, ఫైలు పెట్టడం నా పని. మా పైన స్పెషలాఫీసరు పరాంకుశం గారు. ఆయన రోజుకి నాలుగు సమీక్షలు చేసేవారు. ఒక సమీక్షకీ ఇంకో సమీక్షకీ మధ్య ఏమీ జరక్కపోయినా, ఎందుకు జరగలేదన్నది సమీక్షించేవారు. అంత ఓపిక నాకు దేవుడివ్వలేదు.

మంగళవారం మధ్యాహ్నం మొదటి విడత వేశాం. కుటుంబానికి ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్టు, అన్నీ ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండొందల అడుగుల ఎత్తునుంచి జారవిడిచారు. అంతకన్నా కిందికి దిగితే కొబ్బరిచెట్లూ కరెంటు తీగలూ తగులుతాయని పైలెట్ ముందే చెప్పేశాడు. సాయంత్రం నాలుగింటికి లంకనుంచి ఫోనొచ్చింది. చేసింది మరిడమ్మ, ఆ లంక ఆశా వర్కరు. శ్లాబు మీదకి ఎక్కించిన ఒక మోటారు సైకిలు బ్యాటరీతో ఫోను ఛార్జి చేసుకుంటోంది. సంచులన్నీ పడ్డచోటే పగిలిపోయాయనీ, నూనె, బియ్యం, బురద ఏకమయ్యాయనీ, ఒకటి వంటషెడ్డు రేకుని చీల్చుకుని పోయిందనీ చెప్పింది. ఆడా మగా కూర్చుని గింజలు ఏరితే ఒక పూటకి సరిపడా వచ్చాయట. అయినా ఆవిడ తిట్టలేదు. రేపు కాస్త నెమ్మదిగా వేయించండి సార్ అంది, అంతే.

ఆ మాట అలాగే సమీక్షలో చెప్పాను. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫిర్యాదు పరిమాణం గురించా, వేగం గురించా అని అడిగారు. వేగం గురించే అన్నాను. "అయితే ఇది సాంకేతిక అంశం," అన్నారాయన చాలా తృప్తిగా. సాంకేతిక అంశమైతే నిపుణుణ్ణి పిలవాలి. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే ధర్మారావు మాస్టారిని జీపు పంపి తెప్పించాం.

మాస్టారు నెమ్మదస్తుడు. నలభై మంది పిల్లలకి చెప్పినట్టే మాకూ చెప్పాడు. భూమి దేన్నైనా ఒకేలా లాగుతుంది, క్షణక్షణానికీ వేగం పెంచుతూ లాగుతుంది. మధ్యలో అడ్డుపడేది గాలి ఒక్కటే. ఐదు కిలోల సంచి చిన్నగా, బిర్రుగా ఉంది కాబట్టి గాలి దాన్ని పెద్దగా ఆపలేదు, నేలని తాకేసరికి అది హైవే మీద బస్సంత వేగంలో ఉంది. అదే సంచికి నాలుగు మూలలా తాళ్ళు కట్టిన దుప్పటో, పాత చీరో తగిలిస్తే గాలి దాన్ని పట్టుకుని ఆపుతుంది, సంచి క్షేమంగా దిగుతుంది. తేలిగ్గా, వెడల్పుగా ఉన్నవి మెల్లగా పడతాయి, అంతే సార్ అని ముగించాడు.

పరాంకుశం గారు ఆఖరి వాక్యం నోట్ చేసుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే విడదీశారు. గుడ్డ అనేది చేనేత శాఖ పరిధిలోది, సహాయ సామగ్రి జాబితాలో లేదు. దాన్ని చేర్చాలంటే పైకి రాయాలి, పైవాళ్ళు ఇంకా పైకి రాయాలి, పదిహేను రోజులు. అంచేత వెడల్పు మన చేతిలో లేదు. తేలిక మన చేతిలో ఉంది. బరువు తగ్గించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక మెమో చాలు. మాస్టారు ఏదో అనబోతే నేనే బల్లకింద ఆయన కాలు తొక్కాను. అలా తొక్కినందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే.

ఆ సాయంత్రమే సర్క్యులర్ వెళ్ళింది. నేనే టైపు చేయించాను. ఆకాశమార్గాన పంపిణీ చేయు సహాయ సామగ్రి యావత్తూ సెకనుకు ఒకటిన్నర మీటరు వేగమును మించి పడరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఆ లెక్క ఎక్కడిదని కుర్రాళ్ళెవరో అడిగితే పరాంకుశం గారే స్వయంగా చెప్పారు. "అది మనిషి నడిచే వేగమయ్యా. ప్రభుత్వ సాయం ప్రజల దగ్గరికి నడిచి వెళ్ళాలి గానీ మీద పడకూడదు."

బుధవారం పొద్దున్న మా ఆఫీసు మేడమీదనుంచి ప్రయోగాలు మొదలుపెట్టాం. మూడంతస్తుల మేడ. పైన స్టోర్ కీపరు కామేశం వదిలేవాడు, కింద ఆటలపోటీల స్టాప్‌వాచ్ పట్టుకుని నేను, కుర్చీలో గొడుగు కింద పరాంకుశం గారు. వర్షం పడుతూనే ఉంది. ఐదు కిలోల సంచి ఒకటిన్నర సెకన్లలో పడింది. కిలో సంచీ ఒకటిన్నర సెకన్లే. పావుకిలో పొట్లమూ అంతే. ఆయనకి ఒళ్ళు మండింది. స్టాప్‌వాచ్ మార్పించారు, కామేశాన్ని మందలించారు, చివరికి అసలు తక్కువ బరువుదానికి తక్కువ వేగం ఎందుకు రావడం లేదో రాతపూర్వకంగా తెలుపమన్నారు. భూమి అన్నిటినీ సమానంగానే లాగుతుందని మాస్టారు మళ్ళీ చెప్పాడు. భూమికి ఈ విషయంలో రాజ్యాంగం మీద ఇంత గౌరవం అవసరమా అన్నట్టు చూశారు పరాంకుశం గారు.

లంకనుంచి ఆ రోజు మూడుసార్లు ఫోనొచ్చింది. హెలికాప్టరు రాలేదేం అని. ప్రయోగాలు జరుగుతున్నాయమ్మా అన్నాను. ఏం ప్రయోగాలు అంది. లైను సరిగ్గా లేదని పెట్టేశాను.

సాయంత్రం అయ్యేసరికి అందరం తడిసి ముద్దయ్యాం. కామేశం విసుగొచ్చి ఒక సంచి తీసుకుని బోర్లించి, లోపలి బియ్యం డబ్బాలో పోసేసి, ఆ ఖాళీ కవరు కిందికి వదిలేశాడు. నిజానికి వాడు పారేశాడు. అప్పటికి వాన తెరిపిచ్చింది. ఆ కవరు గాలిలో అటూ ఇటూ ఊగుతూ, కిటికీ దగ్గర కాసేపు ఆగి, పరాంకుశం గారి బూట్ల ముందు వచ్చి పడింది. నేను అలవాటుకొద్దీ స్టాప్‌వాచ్ నొక్కాను. తొమ్మిది సెకన్లు. లెక్కవేస్తే సెకనుకి మీటరు పైన కాస్త. నిబంధనలోపే ఉంది.

ఆయన లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే మేమూ కొట్టాం, ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో అదొక్కటి నాకు బాగా అబ్బింది. దాన్నే నమూనా ప్యాకెట్‌గా ఖరారు చేస్తూ అక్కడే సంతకం పెట్టారు. లోపల ఏముండాలి సార్ అని కామేశం అడిగాడు పాపం. లోపల కొద్దిగా ఏదున్నా వేగం పెరిగిపోతోంది కదా, దశలవారీగా చూద్దాం అన్నారు. కవరు మీద మాత్రం లోపల ఉండవలసినవన్నీ స్పష్టంగా ముద్రించమన్నారు. లబ్ధిదారుకి తన హక్కేమిటో తెలియాలట.

గురువారం హెలికాప్టరు ఎగిరింది. నలభై ఒక్క కుటుంబాలకీ నలభై ఒక్క కవర్లు. ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు, చిరగలేదు. ఆ పూట సమీక్షలో నేను చదివిన నివేదికలో 'నష్టం: సున్నా' అని ఉంది. పైనుంచి అభినందన సందేశం వచ్చింది, పక్క డివిజన్లు కూడా మా పద్ధతి పరిశీలించాలని.

మరిడమ్మ ఫోను చేసింది. కవర్లు అందాయంది. లోపల ఏమీ లేదు సార్, ఎవరన్నా మర్చిపోయారేమో కనుక్కోండి అంది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే మర్చిపోయామనుకుంది. మాకు అంత మంచి పేరుందని అప్పుడే తెలిసింది నాకు. నాలుగు కొబ్బరికాయలు కొట్టుకుని పిల్లలకి పెట్టామనీ, పెద్దవాళ్ళు వాన నీళ్ళతో సరిపెట్టుకుంటున్నారనీ చెప్పింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగలేదు. మా ఆవిడ జ్వరమా అని అడిగింది.

శుక్రవారం మళ్ళీ కవర్లు వేసేసరికి గాలి తిరిగింది. కవర్లు మెల్లగా పడతాయి కదా, పడేలోపు గాలి వాటిని ఎత్తుకుపోయింది. ఏరు దాటించి పక్క జిల్లా మీద కుమ్మరించింది. అక్కడి జనం ఆ కవర్లు పట్టుకుని, ఇందులో రాసిన బియ్యమూ కందిపప్పూ ఏవని రేషను షాపుల ముందు బైఠాయించారట. అక్కడి అధికారి దగ్గర్నుంచి మధ్యాహ్నానికల్లా ఘాటైన లేఖ వచ్చింది. మీ సాయం మా పరిధిలో పడుచున్నది, తక్షణమే నివారించగలరు.

పరాంకుశం గారు ఆకలి గురించి విన్నప్పుడు ఎప్పుడూ అంత కలవరపడలేదు. పరిధి అనేసరికి ముఖం పాలిపోయింది. మన సాయం మన హద్దు దాటకూడదు, దానికి వెంటనే ఏదైనా చూడండి అని ఫైలు నా బల్లమీద పడేసి వెళ్ళిపోయారు.

అప్పుడే ఫోను మోగింది. మరిడమ్మే. ఈసారి ఏమీ అడగలేదు.

"పిల్లలు ఏడవడం మానేశారు సార్. పొద్దుట్నుంచీ ఒక్కడూ ఏడవలేదు. నాకు దానికే భయంగా ఉంది."

ఫోను పెట్టేసింది. సిగ్గుతో చచ్చిపోయానండీ నేను. నా కాలితో తొక్కి నోరు మూయించిన మాస్టారి దగ్గరికి వెళ్ళాను. స్టాఫ్‌రూంలో కూర్చుని ఉన్నాడు. మీరు చెప్పిందే చెయ్యాలి, కానీ మీరు చెప్పినట్టు చెబితే కుదరదు, మా భాషలో చెప్పాలి అన్నాను. ఇద్దరం కూర్చుని నోటు తయారుచేశాం. ఇన్నేళ్ళూ నేర్చుకున్న విద్య అంతా దాంట్లో పోశాను.

సాయంత్రం సమీక్షలో చదివాను. కవర్లు గాలికి పరిధి దాటిపోవుటను నివారించు నిమిత్తం ప్రతి కవరునందు ఐదు కిలోల అడ్డుబరువు ఉంచవలసియున్నది.

పరాంకుశం గారు తల పంకించారు. "ఇసుక పెట్టండి."

ఇసుకకి గనుల శాఖ అనుమతి కావాలన్నాను. రాళ్ళు అన్నారు, అవీ వాళ్ళవే అన్నాను. మరేం ఉంది మన దగ్గర అన్నారు. స్టోర్లో బియ్యం ఉన్నాయి సార్, బాగా బరువుంటాయి అన్నాను. ఆయన చాలాసేపు పైకప్పు చూశారు.

"మరి వేగ నిబంధన?"

"అది సహాయ సామగ్రికి సార్. ఇది సామగ్రి కాదు, బరువు."

ఆయన మొహం విప్పారింది. సాంకేతికంగా చాలా సరైన ప్రతిపాదన అన్నారు. అయితే అంత బరువు అంత ఎత్తునుంచి పడితే కవరు చిరుగుతుంది, నష్టం సున్నా అన్న మన రికార్డు పోతుంది కదా అని మళ్ళీ అనుమానపడ్డారు. దానికీ జవాబు సిద్ధంగానే ఉంది. ఆయన మా డివిజనుకి వచ్చి ఏడాది నిండిందని జూన్‌లో వేయించిన ఫ్లెక్సీలు యాభై దాకా స్టోర్లో మూలుగుతున్నాయి. ఎనిమిదడుగులకి ఆరడుగులు, నిండా ఆయన చిరునవ్వు. దుప్పటి బదులు వీటిని సంచులకి కడదాం, ఇవి గుడ్డ కాదు సార్, ప్రచార సామగ్రి, మన పరిధిలోదే అన్నాను.

"అంటే నా ఫోటో ఆకాశంలోంచి దిగుతుందన్నమాట," అన్నారు. వెంటనే సంతకం పెట్టారు.

ఒక్క చిక్కొచ్చింది. ఫ్లెక్సీ నడిమధ్య చిన్న కంత పెట్టకపోతే అది గాలిలో ఊగిపోయి తలకిందులవుతుందన్నాడు మాస్టారు. కంత పెట్టాల్సిన చోటు సరిగ్గా ఆయన నోటి దగ్గరికి వచ్చింది. భయపడుతూనే, లోపల చిక్కిన గాలి అంతా మీ నోటిగుండానే బయటికి పోతుంది సార్, అందువల్లే ప్యాకెట్టు నిలకడగా దిగుతుంది అని విన్నవించాను. ఆయన దాన్ని గౌరవంగానే తీసుకున్నారు.

శనివారం పొద్దున్న మాస్టారూ నేనూ ఏటిగట్టు మీద నిలబడ్డాం. అవతల నీళ్ళమధ్య బడి శ్లాబు, దానిమీద చీమల్లా మనుషులు. హెలికాప్టరు తలుపులోంచి మొదటి సంచి పడింది. రాయిలా పడుతోంది. అంతలో ఫ్లెక్సీ తెరుచుకుంది. భూమి లాగుతుంది, గాలి ఆపుతుంది, రెండూ సరిపోయాయంటే ఇక వేగం పెరగదు చూడండి అన్నాడు మాస్టారు మెల్లగా. నిజంగానే పెరగలేదు. ఒకదాని వెనక ఒకటి నలభై ఒక్క పరాంకుశం గార్లు నోరు తెరుచుకుని, నవ్వుతూ, మొగలిలంక మీదకి దిగారు. ఆఫీసు పని చూసి నాకు ఏడుపు రావడం అదే మొదటిసారి. మాస్టారు కూడా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

గంటకి ఫోనొచ్చింది. నలభై ఒకటికి నలభై ఒకటీ చెక్కుచెదరకుండా అందాయంది మరిడమ్మ. బడి బెంచీలు రెండు విరగ్గొట్టి పొయ్యి వెలిగించామనీ, ఆ మాట మాత్రం రాసుకోవద్దనీ అంది. వెనక పిల్లలు గోలగోలగా అరుస్తున్నారు, ఒకడైతే ఆగకుండా ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటూ కాసేపు ఫోను అలాగే పట్టుకున్నాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మళ్ళీ గురువారానికి ఏరు తీసింది. లెక్కలు ముగించే సమీక్షలో పరాంకుశం గారు స్టోరు రిజిస్టరు తిరగేశారు. సహాయ సామగ్రి అయితే ఇచ్చేసినట్టు రాసుకోవచ్చు. అడ్డుబరువు అలా కాదు, అది పనిముట్టు కిందకి వస్తుంది, పని అయ్యాక తిరిగి స్టోరుకి చేర్చాలి. నలభై ఒకటి ఇంటు ఐదు, రెండొందల ఐదు కిలోల అడ్డుబరువు ఎక్కడ అని అడిగారు. నేనల్లిన వలలో నేనే పడ్డాను. అది బియ్యం కదా సార్ అన్నాను. బియ్యమే కావచ్చు, ఫైలులో బరువు అని మీరే రాశారు అన్నారు.

మర్నాడే లాంచీ కట్టించుకుని బయల్దేరాం. ఆయన, నేను, రిజిస్టరుతో కామేశం, నలుగురు మోసుకొచ్చిన కాటా. లంకంతా ఒండ్రు పేరుకుపోయి ఉంది. జనం ఇళ్ళలో బురద ఎత్తిపోసుకుంటున్నారు. మరిడమ్మని నేను చూడడం అదే మొదలు. పొట్టిగా, బక్కగా, మోకాళ్ళదాకా బురదతో ఉంది. పరాంకుశం గారు ఆవిడకి మర్యాదగానే చెప్పారు, ఈ నెల ఇన్నో తారీఖున తమకు అందజేసిన అడ్డుబరువును యథాతథంగా అప్పగించవలసిందని.

ఆవిడకి అర్థం కాలేదు. నేను తల దించుకుని, ఆ బియ్యం తిరిగి ఇమ్మంటున్నారమ్మా అన్నాను. ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, కాటాని చూసింది. వెళ్ళి, బురద ఎత్తుతున్న పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలుచుకొచ్చింది. ముప్పై ఎనిమిది మంది. వాళ్ళని వరసగా నిలబెట్టింది.

"బియ్యం వీళ్ళ దగ్గరే ఉన్నాయండి. తూకం వేసుకోండి."

ఇంకెవరైనా అయితే వెనక్కి తిరిగేవారు. పరాంకుశం గారు పద్ధతి తప్పే మనిషి కాదు. ప్రతిపాదన సబబుగానే ఉంది, వేయించండి అన్నారు. కాటా నిలబెట్టారు. ఒక్కొక్కడూ కాళ్ళు తుడుచుకుని ఎక్కాడు, దిగాడు. ప్రతి మూడు నెలలకీ పిల్లల బరువులు రాసుకునే రిజిస్టరు ఆశా వర్కర్ల దగ్గర ఉంటుంది. వరదలో దాన్ని తలమీద పెట్టుకుని కాపాడుకుందట. అది తెరిచి జులైలో రాసిన బరువు మరిడమ్మ చదివింది, ఇప్పటి బరువు కామేశం చదివాడు. మొదటివాడు కిలోన్నర తక్కువ. రెండోది కిలో తక్కువ. నాలుగేళ్ళ పిల్ల ఒకతి రెండు కిలోలు తక్కువ. ముప్పై ఎనిమిదోవాడు దిగాక కామేశం కూడిక వేశాడు. మొత్తం యాభై ఒక్క కిలోల తరుగు వచ్చింది.

పరాంకుశం గారు నొసలు ముడిచారు. రెండొందల ఐదు కిలోలు లోపలికి వెళ్ళినప్పుడు పెరగాలి గానీ తగ్గడమేమిటి అన్నారు. ఈ తరుగుకి ఎవరు బాధ్యులో, అదెక్కడ పోయిందో లబ్ధిదారుల తరఫున ఎవరైనా వివరించాలి అన్నారు.

మరిడమ్మ రిజిస్టరు మూసేసింది.

"దాన్ని మా దగ్గర వెతక్కండి. బుధవారం, గురువారం, శుక్రవారం. ఆ మూడు రోజులూ మీ ఆఫీసులోనే ఉన్నాయండి. అక్కడ చూసుకోండి."

పిల్లల్ని తీసుకుని మళ్ళీ బురద దగ్గరికి వెళ్ళిపోయింది. కామేశం కలం పట్టుకుని, రాయాలో వద్దో తెలియక నా వైపు చూశాడు.

రాయి, అన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయి.